ఓమ్ని నెత్తిన ఆరంగుళాల గొట్టం

నా మారుతి ఓమ్ని వ్యాను మీద సామాను పెట్టుకునే టాప్ క్యారియర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓమ్నికి పైన రెండు వైపులా వాన నీళ్ల గట్టరు ఉంటుంది కాబట్టి ఏ వెల్డింగ్ షాపులోనైనా స్క్వేర్ పైపుతో ఫ్రేము కట్టి, గట్టరుకు క్లాంపులు బిగించి ఇస్తారు. బండికి ఒక్క రంధ్రం కూడా పెట్టక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ క్యారియర్‌కు ఎడమ పక్కన బిగించుకున్న ఆరంగుళాల పీవీసీ గొట్టం సంగతి. మూతలు, యూ క్లాంపులు, గొళ్లెం అన్నీ కలిపి రెండున్నర వేలలోపే అయింది. నా పనిలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత సుఖమిచ్చిన వస్తువు ఇంకొకటి లేదు. తిట్లు కూడా ఉన్నాయి, అవి తర్వాత.

మాది కడప జిల్లా. బోరు మోటార్లు ఎత్తడం, రిపేరు చేసి దింపడం నా పని. బండి లోపలి చోటంతా మోటారుదే. మధ్య సీటు తీసేసి, పాత పరుపు ముక్క పరిచి, మోటారునూ పంపునూ విడదీసి పక్కపక్కన పడుకోబెడతాను. వాటి మీద ఏ బరువూ వెయ్యకూడదు. చైన్ పుల్లీ, క్లాంపులు, పైపు రెంచీలు డిక్కీలోకి సర్దితే ఇక ఖాళీ ఉండదు. హ్యాక్సా, తాళ్లు, కేబుల్ ముక్కలు, పైపు ముక్కలు, గడ్డపార, పార అన్నీ గోనెపట్టాలో చుట్టి పైన కట్టేవాణ్ణి. వాన పడితే తాళ్లు నాని బరువెక్కేవి, బ్లేడ్లు తుప్పు పట్టేవి. రాత్రి ఇంటికొచ్చాక అన్నీ దించాలి, పొద్దున్నే మళ్లీ ఎక్కించి కట్టాలి. మోటారు ఎత్తడం కంటే ఈ ఎక్కించుడు, దించుడే విసుగు.

గొట్టం వచ్చాక ఆ బాధ పోయింది. ముందు మూతను సొల్యూషన్‌తో, అంటే పీవీసీ పైపులు అతికించే జిగురుతో, అతికించేశాను. వెనక మర మూత, దాని మీద ఇనుప పట్టీ, తాళం. లోపల ఒక చిన్న ఏర్పాటు చేశాను, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. గొట్టంలో పట్టేంత గుండ్రటి చెక్క బిళ్ల ఒకటి ముందు చివరి దాకా తోసి, దానికి కట్టిన తాడు కొసను వెనక మూత దగ్గర వదిలాను. తాడు లాగితే సామానంతా దానంతటదే బయటికొస్తుంది. పదడుగుల గొట్టంలోకి చెయ్యి పెట్టి తడుముకునే పని లేదు. రైతులు కూడా ఒకసారి లాగి చూసి నవ్వుకుంటారు.

పొడవు మాత్రం పదడుగులు దాటనివ్వకండి. షాపులో ఇరవై అడుగులది అంటగడితే సగానికి కోయించుకోండి. ఓమ్ని పొడవు 3,370 మిల్లీమీటర్లు, అంటే పదకొండు అడుగుల పైన కాస్త. సామాను బండిని దాటి పరిమితికి మించి పొడుచుకొస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, సామాను దింపించే ఖర్చు అదనం. మోటారు ఎత్తే ట్రైపాడ్ (ముక్కాలి స్టాండు) కాళ్లను కూడా అందుకే పదడుగులకే చేయించాను. అవి గొట్టంలో కాదు, క్యారియర్ మీదే. లారీ ట్యూబు కోసిన పట్టీలతో కడితే తాడుకన్నా గట్టిగా పట్టుకుంటాయి.

ఇక తిట్లు. రెండో ఎండాకాలం దాటాక, రాయచోటి వైపు పని ముగించుకుని కడపకు వస్తున్నాం. గువ్వలచెరువులో పాలకోవా కట్టించుకుని ఘాటు దిగడం మొదలుపెట్టాం. ముందు లోడు లారీ, మలుపు మలుపుకీ బ్రేకు. బ్రేకు పడినప్పుడల్లా నెత్తిన టక్కుమని చప్పుడు. గడ్డపార ముందుకు జారి మూతను పొడుస్తోందని తెలుస్తూనే ఉంది, కానీ ఆ ఘాటులో బండి ఆపే చోటేది? ఇంకో మలుపులో లారీ సడన్‌గా ఆగింది, నేనూ తొక్కాను. ఈసారి ఫట్‌మంది. అద్దం మీద మూత ముక్కలు రాలాయి, పైనుంచి గడ్డపార మొన జానెడు కిందికి తొంగిచూసింది. "అన్నా, గడ్డపార బయటికొచ్చింది, ఆపన్నా!" అని మా హెల్పర్ కుర్రాడి కేక. లోపల తాళ్ల చుట్టలో చిక్కుకుంది కాబట్టి అక్కడితో ఆగింది. రోడ్డు మీదికి దూకి ఉంటే ఎదురొచ్చే బైకు వాడి గతేంటి? కాస్త వెడల్పు దొరికాక ఆపి దాన్ని బయటికి లాగాం. కుర్రాడు కడప దాకా గడ్డపారను కాళ్ల సందున, పాలకోవా పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అతుకు ఊడలేదు, మూతే పగిలింది. మామూలు పీవీసీకి ఎండ పడదు. పైపొర తెల్లబడి పెళుసైపోతుంది. గోడ పక్కనో నేలలోనో ఉండాల్సిన పైపు అది, మా సీమ ఎండలో రోజంతా మాడితే ఇంకేమవుతుంది? పైగా వేడికి సాగుతుంది కూడా. మూడు మీటర్ల ముక్క ముప్పై డిగ్రీల తేడాకు ఆరేడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లాంపులు రెండూ బిగదీసి ఉండటంతో మే నెలలో నా గొట్టం అరటికాయలా వంగింది. ఇప్పుడు మూడు క్లాంపులు. ముందుదొక్కటే బిగువు, మిగతా రెండింటి కింద రబ్బరు పెట్టి కాస్త వదులుగా ఉంచాను. కొత్త మూతకు లోపలి వైపు రెండు బోల్టులు అడ్డంగా దూర్చాను, గొట్టమంతా తెల్ల ఎనామిల్ పెయింట్ వేశాను.

గడ్డపార మాత్రం మళ్లీ బండి లోపలికే వచ్చింది, మోటారు పక్కన. కేబుల్ ముక్కలు కూడా రాత్రిళ్లు దించుకుంటున్నాను. రంపం ఉన్న దొంగకు పీవీసీ ఎంతసేపు, లోపల రాగి ఉందని తెలిస్తే వదులుతాడా? మర మూత దుమ్ముకు బిగుసుకుపోతుంది, అప్పుడప్పుడు మరలకు కొవ్వొత్తి మైనం రుద్దాలి. అరవై దాటితే గాలికి ఈల వేస్తుంది, నా బండి అరవై దాటేదే తక్కువ.

నాకు ఇంటి ముందు వేపచెట్టు నీడ ఉంది, తిరిగేది చుట్టుపక్కల పల్లెలే. తాళ్లు, రంపాలు, పైపు ముక్కలు మోసేవాళ్లకైతే పెట్టించుకోమనే చెబుతాను. రోజూ హైవే మీద తిరిగేవాళ్లు, ఇనుము ఎక్కువ మోసేవాళ్లు అంతే డబ్బుకు ఇదే చాలనుకుంటే నేను హామీ ఇవ్వలేను. హెచ్‌డీపీఈ అనే ఇంకో రకం ప్లాస్టిక్ నల్ల పైపైతే ఎండకు తట్టుకుంటుంది, అందులో కార్బన్ బ్లాక్ అనే నల్ల మసి పొడి కలుపుతారు. తెలిసిన రైతు దగ్గర ఆ సైజు ముక్క ఒకటి మిగిలి ఉంది, ఊరికే ఇస్తానన్నాడు. కానీ హెచ్‌డీపీఈకి సొల్యూషన్ అంటదు, వేడితో అతికించే మిషన్ కావాలి. దాని ముందు మూతకు బోల్టులతోనే ఏదైనా దారి దొరుకుతుందేమో చూస్తున్నాను.