మంగు మచ్చలకు రంగు కలిపిన సన్‌స్క్రీన్: ఒక వేసవి వాడిన తరువాత

ఒంటిపూట బడులు మొదలైన మార్చి 15 నుంచి, వేసవి సెలవులు ముగియడానికి రెండు రోజుల ముందు జూన్ 10 వరకు, నేను ఒకే ఒక సన్‌స్క్రీన్‌ను క్రమం తప్పకుండా వాడాను. అది ఎస్‌పీఎఫ్ 50, పీఏ పక్కన నాలుగు ప్లస్ గుర్తులు, జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్‌లు కలిపిన లేత గోధుమరంగు క్రీము. 50 గ్రాముల ట్యూబు ధర 640 రూపాయలు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి కూర్పుతో వేర్వేరు కంపెనీల క్రీములు మందుల షాపుల్లో దొరుకుతున్నాయి, కాబట్టి పేరు కంటే ట్యూబు వెనుక చిన్న అక్షరాల్లో ఏం చూడాలో తెలిస్తే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం. ముఖం మీద మంగు ఉన్నవారికి ఇది కొనదగిన వస్తువే. అయితే తగినంత రాయకపోతే, గొడుగు, చున్నీ లేకుండా దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే, ఆ డబ్బు వృథా.

నాకు రెండో కాన్పు సమయంలో రెండు బుగ్గల ఎముకల మీద, పై పెదవి మీద మంగు వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చినది కాన్పు తరువాత దానంతట అదే పోతుందని పెద్దవాళ్ళు చెప్పారు. చాలామందికి పోతుంది కూడా. నాకు మాత్రం చలికాలంలో పలచబడి, ప్రతి వేసవిలో మళ్ళీ ముదురుతూ ఆరేళ్ళు నిలిచిపోయింది. మధ్యలో ఒక మందుల షాపులో, చీటీ లేకుండానే, మచ్చలు పోతాయని ఒక ట్యూబు ఇచ్చారు. రెండు వారాల్లో ముఖం తెల్లబడింది. మూడు నెలలయ్యేసరికి బుగ్గలు ఎర్రబడి, నీళ్ళు తగిలినా మండి, రాయడం ఆపిన వారంలోనే మచ్చ మునుపటికంటే నల్లగా తిరిగివచ్చింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందని గుంటూరులో చర్మవైద్యురాలు చూపించే వరకు నాకు తెలియలేదు. మొమెటాసోన్ వంటి పూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా అడిగిన వెంటనే చేతిలో పెట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ డాక్టరుగారు అన్న మాట నాకు బాగా గుర్తు: "అమ్మా, ముందు ఇది ఆపండి. తగ్గించే మందు తరువాత రాస్తాను. వెలుతురును అడ్డుకోకుండా ఏ మందు రాసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే." ఈ సన్‌స్క్రీన్ కొనడానికి కారణం ఆ మాటే.

ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి వరకు జీవశాస్త్రం చెప్పే నేను ఇన్నేళ్ళుగా చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. సత్తెనపల్లిలో మా ఇంటి నుంచి బడి 14 కిలోమీటర్లు, స్కూటీ మీద వెళ్ళి వస్తాను. ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదులుతుంది. అసలు ఎండ రెండు, మూడు గంటల వేళ కదా, ఆలోపే ఇల్లు చేరుతున్నాను కదా అని నిశ్చింతగా ఉండేదాన్ని. గాలి వేడెక్కి వడ కొట్టే సమయం వేరు, చర్మాన్ని నల్లబరిచే కిరణాలు బలంగా ఉండే సమయం వేరు. నేల వేడెక్కి, ఆ వేడి గాలికి ఎక్కడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అతినీలలోహిత కిరణాలకు అలాంటి ఆలస్యం లేదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉంటే అవి అంత తీవ్రంగా ఉంటాయి. మా ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకే. అంటే పిల్లలను పంపించి నేను బండి తీసే సమయం దాదాపుగా రోజులోకెల్లా చెడ్డ సమయం. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం పెరట్లో నిలబెట్టిన బకెట్టు నీడ పూర్తిగా దాని కిందికే పోవడం మా పిల్లలకు చూపించాను. 16 డిగ్రీలు దాటిన మా అక్షాంశానికి ఆ రోజుల్లో సూర్యుడు నిట్టనిలువుగా వస్తాడు. నీడ మనకంటే పొట్టిగా ఉన్నంతసేపూ చర్మానికి కాపుదల కావాలన్నది ఏ యంత్రమూ అక్కరలేని కొలత. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనం వేడిని చూసి భయపడతాం గానీ, ముఖం నల్లబడటం అంతకు రెండు నెలల ముందే, మార్చి నెల ఎండలోనే మొదలవుతుంది.

చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలు ఉంటాయి. ఒక్కొక్కటి తన కొమ్మల్లాంటి పోగులతో చుట్టుపక్కల సుమారు 36 కణాలకు మెలనిన్ రేణువులను అందిస్తుంది, ఆ రేణువులు వెళ్ళి కణ కేంద్రకం పైన గొడుగులా కమ్ముకుంటాయి. ఏ దేశంవారిలోనైనా ఈ కణాల సంఖ్య దాదాపు ఒకటే, తేడా అవి తయారుచేసే రేణువుల పరిమాణంలోనూ పంపిణీలోనూ ఉంటుంది. కాబట్టి ఎండకు నల్లబడటం రోగం కాదు, లోపలి డీఎన్‌ఏను కాపాడుకోవడానికి శరీరం చేసే పని. మంగులో జరిగేదేమిటంటే, హార్మోన్ల వల్ల, వంశపారంపర్యంగా, కొన్ని చోట్ల ఈ కణాలు కొద్దిపాటి వెలుతురుకే రెచ్చిపోయి పనిచేస్తాయి. అందుకే ఒళ్ళంతా కమిలిన రంగు కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, మంగు మాత్రం పట్టుకుని కూర్చుంటుంది.

నేను అంతకుముందు వాడిన సన్‌స్క్రీన్లు ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలిసింది. ఎస్‌పీఎఫ్ సంఖ్య ప్రధానంగా యూవీ-బి అనే రకం అతినీలలోహిత కిరణాల వల్ల చర్మం ఎర్రబడటాన్ని మాత్రమే కొలుస్తుంది. 30 ఉన్నది సుమారు 97 శాతం, 50 ఉన్నది సుమారు 98 శాతం ఆపుతుంది, అంతే తేడా. మన చర్మం సులువుగా ఎర్రబడదు, కాబట్టి దెబ్బ తగలలేదనే అనుకుంటాం. కిటికీ అద్దాల గుండా కూడా వచ్చే ఇంకో రకం, యూవీ-ఎ నుంచి రక్షణను చెప్పేది జపాన్‌లో పుట్టిన పీఏ గుర్తు. ఈ రెండింటిలోనూ లెక్కకు రానిది కంటికి కనిపించే వెలుతురు, ముఖ్యంగా అందులోని ఊదా, నీలి భాగం. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఆ వెలుతురు ఒక్కటే వారాల తరబడి నిలిచే నలుపును తేగలదని పరిశోధనల్లో తేలింది. తెల్లచర్మం మీద అది అంతగా కనబడలేదు. హెల్మెట్ అద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది, కానీ దారి కనిపించాలి కాబట్టి వెలుతురును వదులుతుంది. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ కూడా రాసిన తరువాత కనబడకుండా పోతుందంటే, దానిలోంచి వెలుతురు దూరిపోతోందనే అర్థం. దాన్ని ఆపడానికి రంగు ఉన్న పదార్థమే కావాలి, అందుకు ఐరన్ ఆక్సైడ్‌లు కలుపుతారు. ట్యూబు వెనుక ఆ పేరైనా ఉంటుంది, లేదా సి.ఐ. (కలర్ ఇండెక్స్, అంటే రంగుల పట్టిక) 77491, 77492, 77499 అనే సంఖ్యలైనా ఉంటాయి. అవి వరుసగా ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్‌లు. నేను కొన్న ట్యూబు మీద మూడూ ఉన్నాయి. పైన "టింటెడ్" అని రాసి ఉన్నా, ఆ పేరు గానీ ఈ సంఖ్యలు గానీ లేకపోతే మంగు కోసం దాన్ని కొనవద్దు.

పరిమాణం విషయంలో నేను కొంత శ్రమ తీసుకున్నాను. సన్‌స్క్రీన్లను పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుందని చెబుతారు కదా, ఆ గీతలను మా బడి ప్రయోగశాల త్రాసులో కాగితం మీద తూచి చూశాను. ఒకటింబావు గ్రాము తూగింది. అంతకుముందు నేను బఠాణీ గింజంత తీసుకుని రాసుకునేదాన్ని, అదీ తూచాను, పావు గ్రాము కూడా లేదు. అంటే 50 అని రాసి ఉన్న వస్తువును కొని, దాని బలంలో చాలా కొద్ది భాగమే ముఖానికి అందనిచ్చానన్నమాట. సరైన కొలతలో ఉదయం ఏడింటికి ఒకసారి, బడి వదలబోయే ముందు ఒకసారి రాస్తే రోజుకు రెండున్నర గ్రాములు, ఒక ట్యూబు 20 రోజులు. బడి ఉన్న 40 రోజుల్లో రెండు ట్యూబులు అయ్యాయి, నెలకు లెక్క వేస్తే 960 రూపాయలు. ఇది చిన్న ఖర్చు కాదు, అందరూ భరించగలరని నేను అనను. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి రాయాలన్నది అసలు నియమం. నేను తరగతి గదిలో ఉండే సమయం ఎక్కువ కాబట్టి రెండుసార్లతో సరిపెట్టుకున్నాను.

ఇక వాడకంలో కనబడిన మంచిచెడ్డలు. క్రీము మరీ చిక్కన, నేరుగా రుద్దితే గీతలు పడుతుంది. ముఖం మీద చుక్కలుగా పెట్టి, వేలి కొసలతో అద్దితే సమంగా పరుచుకుంటుంది. వాసన లేదు. కళ్ళ దగ్గర మండలేదు, చెమటతో కంట్లోకి దిగినప్పుడు కూడా. కంపెనీవారు రెండే రెండు ఛాయలు తెచ్చారు. లేతది నాకు పౌడరు అద్దినట్టు తెల్లగా కనబడింది, రెండోది సరిపోయింది. నా సహోద్యోగి ఒకరు నాకంటే ముదురు చామనఛాయ. ఆమెకు ఆ రెండోది కూడా బూడిదరంగులో తేలింది. ఈ దేశంలో అమ్మే వస్తువుకు ముదురు ఛాయ లేకపోవడం నాకు బాధ కలిగించింది. వెలుతురు దెబ్బ ఎక్కువగా నల్లటి చర్మానికే తగులుతున్నప్పుడు, ఆ చర్మానికి సరిపోయే రంగే లేకపోతే ఈ వస్తువు ఎవరి కోసం? ఇంకొక చిక్కు మరకలు. హెల్మెట్ పట్టీ మీద, తెల్ల చున్నీ అంచున, జాకెట్టు మెడ దగ్గర ఇటుకరంగు మరక పడుతుంది. ఐరన్ ఆక్సైడ్ మరక నీళ్ళకు పోదు, సబ్బు పట్టించి కాసేపు ఉంచి రుద్దాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో ఒకరోజు ట్యూబును స్కూటీ డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రం తీసి చూస్తే నూనె వేరు, పిండి వేరు అయిపోయింది. అలా విరిగినదాన్ని కలిపి రాసుకోకూడదు, పారేయాలి. అప్పటి నుంచి నీళ్ళ సీసా పక్కన గుడ్డ సంచిలో పెట్టుకుని తీసుకువెళ్తున్నాను.

క్రీముతోపాటు నల్ల గొడుగు, దట్టమైన నేత చున్నీ వాడాను. చున్నీని వెలుతురుకెదురుగా పట్టుకుంటే అవతలి మనిషి ముఖం కనబడేంత పలచగా ఉంటే అది ఎండకు పనికిరాదు. ఈ పరీక్షలో నా దగ్గరున్న షిఫాన్ చున్నీలన్నీ పోయి, ముదురు నీలం మంగళగిరి నూలు చున్నీ ఒక్కటే నిలిచింది. గొడుగు పైనుంచి వచ్చే ఎండను ఆపుతుంది కానీ సిమెంటు రోడ్డు నుంచి, గోడల నుంచి ఎగిసే వెలుతురును ఆపలేదు.

ఫలితం గురించి జాగ్రత్తగా రాస్తున్నాను. ప్రతి నెలా 1వ, 15వ తేదీన ఉదయం ఏడింటికి, వరండాలో అదే గోడ ముందు, అదే ఫోనుతో ఫొటో తీసుకున్నాను. పోయిన ఆరు వేసవుల్లోనూ మే నెలకు ముదిరిన మచ్చ ఈసారి ముదరలేదు. కుడి బుగ్గ మీద అంచులు కాస్త చెదిరి పలచబడ్డాయి, పై పెదవి మీద పెద్ద మార్పు లేదు. అక్కడ చెమట తుడుచుకునేటప్పుడల్లా క్రీము పోతుండటం ఒక కారణం కావచ్చు. డాక్టరుగారు రాసిన రాత్రిపూట మందు కూడా వాడుతున్నాను కాబట్టి ఆ పలచబడటాన్ని ఈ క్రీము ఖాతాలో వేయను. ముదరకుండా ఆగడం మాత్రం దీని వల్లనేనని నమ్ముతున్నాను, ఎందుకంటే పోయిన సంవత్సరం కూడా ఆ మందు ఉంది, ఈ క్రీము లేదు. క్రీము రాయని ముంజేతుల మీద చేతిగడియారం తీస్తే దాని కింద పాత రంగు పట్టీలా తెల్లగా కనబడుతోంది. ఈ వేసవి ఎండ ఎంతటిదో ఆ పట్టీయే చెబుతుంది.

మా అత్తగారు జాజికాయను పాలలో అరగదీసి రాయమన్నారు, ఆమె ప్రేమను కాదనలేక రెండు రాత్రులు రాశాను, మంట పుడితే ఆపేశాను. మంగులో మంట పుట్టించే ఏ వస్తువైనా రంగును పెంచే ప్రమాదం ఉంది. నిమ్మరసం మాత్రం ఎవరు చెప్పినా ముఖానికి రాయకండి. నిమ్మజాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు యూవీ-ఎ తగిలినప్పుడు చర్మాన్ని కాల్చినట్టు చేసి, నెలల తరబడి నిలిచే నల్లమచ్చలను మిగులుస్తాయి. పొయ్యి వేడి కూడా మంగుకు మంచిది కాదంటారు కాబట్టి, వేసవిలో ఎండ ముదరకముందే వంట ముగించుకోవడం అలవాటు చేసుకున్నాను.

ముఖం మీద మచ్చలేమీ లేక, ఊరికే ఎండకు కమలకుండా ఉండాలనుకునేవారికి ఇంత ఖరీదైనది అక్కరలేదు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న మామూలు క్రీమును నిండుగా రాస్తే చాలు. మంగు ఉన్నవారు, మొటిమల మచ్చలు నల్లగా నిలిచిపోతున్నవారు ఇలాంటిది ఎంచుకోవచ్చు, అయితే కొనేముందు దవడ మీద రాసి పగటి వెలుతురులో ఛాయ చూసుకోవాలి, దుకాణం ట్యూబులైటు కింద కాదు. నేను నాలుగో ట్యూబు మొదలుపెట్టాను. వర్షాలు వచ్చినా దీన్ని ఆపను, మబ్బుల్లోంచి కూడా కిరణాలు వస్తూనే ఉంటాయి, పైగా ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు దక్షిణానికి తిరిగి వెళ్తూ మళ్ళీ మా నడినెత్తికి వస్తాడు. అప్పటికి బడి పూర్తి పూట నడుస్తుంటుంది, మధ్యాహ్న భోజనం వేళ పిల్లలతో ఆవరణలో నిలబడే విధి ఈసారి నాది.