స్టాండ్‌బై పెట్టె బతికే ఉందా? ఫైర్‌వాల్ జంటకు నాలుగేళ్ల జాబిక్స్ కాపలా

మా ఆఫీసులో రెండు పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్ పెట్టెలు కార్ప్ (ఒకటి పోతే ఇంకోటి దాని పని అందుకునే పద్ధతి) మీద జంటగా నడుస్తున్నాయి. ఒకటి మాస్టర్, ఇంకోటి బ్యాకప్. వీటి మీద జాబిక్స్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టి నాలుగేళ్లు దాటింది. అంతకుముందు మేం చేసిందల్లా వర్చువల్ ఐపీకి, అంటే రెండు పెట్టెలూ పంచుకునే ఉమ్మడి అడ్రసుకి, నిమిషానికోసారి పింగ్ కొట్టడం (ఉన్నావా అని పలకరించడం). తెర మీద పచ్చగా కనిపిస్తే చాలు, నిశ్చింతగా టీ తాగేవాళ్లం.

ఆ పచ్చరంగే ముంచింది. ఒక శనివారం సాయంత్రం అప్‌డేట్ కోసం మాస్టర్‌ని రీబూట్ చేశాను. మూడు నాలుగు సెకన్లలో బ్యాకప్ అందుకోవాలి. అందుకోలేదు. సర్వర్ రూముకి పరుగెత్తి చూస్తే, బ్యాకప్ పెట్టె డిస్కు పోయి ఎన్నాళ్లనుంచో బూట్ స్క్రీన్ మీదే నిలబడి ఉంది. వర్చువల్ ఐపీకి రోజూ జవాబిస్తున్నది మాస్టరే కదా, రెండోది చచ్చిన సంగతి పింగ్‌కి ఎలా తెలుస్తుంది?

జాబిక్స్‌లో ముందు చేసిన పని, రెండు పెట్టెల్లోనూ ఏజెంట్ (రీడింగులు పంపే చిన్న ప్రోగ్రాం) వేసి, నెట్‌వర్క్ పోర్టుల స్థితి చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండు అవుట్‌పుట్‌లో 'మాస్టర్' అని ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టించడం. ఒక్కో వర్చువల్ ఐపీకి రెండు పెట్టెల లెక్క కలిపితే సరిగ్గా 1 రావాలి. 0 వస్తే ఇంటికి పెద్దదిక్కు లేనట్టు. 2 వస్తే ఒకే ఒరలో రెండు కత్తులు. ఇంత చిన్న కూడిక నాకు మిగతా గ్రాఫులన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. మొదట్లో మాత్రం ఉత్త అలారాలతో చంపింది. రెండు పెట్టెల రీడింగులూ ఒకే క్షణంలో రావు కాబట్టి, మామూలు ఫెయిలోవర్‌లో (మాస్టర్ పని బ్యాకప్‌కి మారేటప్పుడు) కూడా కాసేపు 0 గానో 2 గానో కనిపిస్తుంది. 30 సెకన్లకోసారి తీసి, వరసగా మూడుసార్లు తప్పు వస్తేనే మోగమన్నాక కుదురుకుంది.

2 అన్నది నిజంగానే ఒకసారి వచ్చింది. స్విచ్ మార్చిన రోజు. నేనున్నానంటూ మాస్టర్ పంపే కార్ప్ ప్రకటనలు 224.0.0.18 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి పలువురికి చేరే) అడ్రసుకి వెళ్తాయి. కొత్త స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ని అడిగిన పోర్టులకే పంపే ఏర్పాటు) వాటిని మింగేసింది. బ్యాకప్‌కి మాస్టర్ గొంతు వినపడక తనే మాస్టర్ అయి కూర్చుంది. రెండు పెట్టెలూ వాడే వర్చువల్ మ్యాక్ అడ్రస్ (స్విచ్ గుర్తుపట్టే హార్డ్‌వేర్ అడ్రస్) ఒకటే కావడంతో స్విచ్ దాన్ని కాసేపు ఈ పోర్టులో, కాసేపు ఆ పోర్టులో నేర్చుకుంటూ పోయింది. నెట్ పూర్తిగా పోలేదు, సగం సగం పనిచేసింది. అలారం లేకపోతే రెండు రోజులు ఇంటర్నెట్ కంపెనీనే తిట్టుకుంటూ ఉండేవాళ్లం.

ఇంకో తప్పు నాది. మాస్టర్‌ని పర్సిస్టెంట్ మెయింటెనెన్స్ మోడ్‌లో (మరమ్మతు కోసం పని రెండో పెట్టెకి అప్పగించే స్థితిలో) పెట్టి మర్చిపోయాను. అది రీబూట్ చేసినా పోదు. రెండో పెట్టె గంటకి మించి మాస్టర్‌గా ఉంటే చెప్పమని ఆ తర్వాతే ట్రిగర్ (అలారం మోగించే షరతు) రాశాను. పీఎఫ్‌సింక్ (నడుస్తున్న కనెక్షన్ల వివరాలను రెండో పెట్టెకి పంపేది) సంగతికి రెండు వైపులా స్టేట్ టేబుల్ సంఖ్యను, అంటే ఆ కనెక్షన్ల లెక్కను, పక్కపక్కన గీయిస్తున్నాను. గీతలు విడిపోతే సింక్ కేబుల్ చూడాలి. ఆ సంఖ్యకు పీఎఫ్‌సీటీఎల్ అనే కమాండు కావాలి, దానికి రూట్ (సర్వాధికారి) హక్కు కావాలి. ఆ హక్కును అరువిచ్చే సుడోలో ఆ ఒక్క కమాండుకే అనుమతిచ్చాను.

కొత్తవాళ్లకి జాబిక్స్ మొదటి వారం తలనొప్పే. జాబిక్స్ 5.4 వెర్షన్‌లో ట్రిగర్ రాసే పద్ధతి మారింది, నా పాత నోట్సు అక్కడితో చెల్లిపోయాయి. రెండే పెట్టెలుంటే ఇంత అవసరమా అంటే, జాబిక్స్ సర్వర్ ఎలాగూ ఉన్నవాళ్లకి అవసరమే అంటాను.

ఒక్క మాట, జాబిక్స్ సర్వర్ మా ఫైర్‌వాల్ లోపలే ఉంది. ఒకసారి రెండు పెట్టెలూ పడిపోతే అలర్టులన్నీ లోపలే ఇరుక్కుని, లైన్ వచ్చాక దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఒక్కసారిగా ఫోన్లో కురిశాయి. అప్పట్నుంచి సర్వర్‌కి ఒక 4జీ డాంగిల్ తగిలించాను. దాని రీఛార్జ్ గడువు మాత్రం ఇప్పటికీ నా ఫోన్ రిమైండర్లోనే ఉంది.