ఒక్క సూదితో అన్ని హార్మోన్లు అనే ప్యాకేజీ కొనకండి: విశాఖలో మా వదినకు జరిగింది ఇదీ

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ మధ్య ఒక ల్యాబ్ వాళ్లు టేబుల్ వేసుకుని ‘మహిళల కంప్లీట్ హార్మోన్ ప్యాకేజీ’ అమ్మారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, అండాశయాలను నడిపించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు, థైరాయిడ్, విటమిన్ డి అన్నీ కలిపి 3,800 రూపాయలు, ఒక్కసారి రక్తం ఇస్తే చాలన్నారు. మా వదిన కట్టింది. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ రిపోర్ట్ చూసినప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఇలాంటిదే ఇంకో పేరుతో మీ గేటు దగ్గరకూ రావచ్చు, అందుకే వివరంగా రాస్తున్నాను.

వదినకు 43 ఏళ్లు. నెలసరి కాస్త అటూ ఇటూ అవుతోంది, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయి. రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయి పేరు, వయసు, ఫోన్ నంబర్ రాసుకున్నాడు. చివరిసారి పీరియడ్స్ ఎప్పుడు మొదలయ్యాయో అడగలేదు. ఏం మందులు వాడుతున్నారో అడగలేదు. వాళ్ల ఫారంలో ఆ గడులే లేవు.

రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది. ఎస్ట్రాడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) 42, పక్కన కిందికి ఎర్ర బాణం. ప్రొజెస్టిరాన్ 0.4, మళ్లీ ఎర్ర బాణం. మర్నాడే ‘వెల్‌నెస్ కౌన్సెలర్’ అంటూ ఒకావిడ ఫోన్. మేడమ్ మీ ఈస్ట్రోజెన్ పడిపోయింది, ఎముకలు గుల్లబారిపోతాయి, మూడు నెలల పౌడర్ కోర్సు వెంటనే మొదలుపెట్టాలి, 8,500 అంది. ఆ పౌడర్ డబ్బా ఫోటో కూడా పంపింది. అందులో ఏ పదార్థం ఎంత ఉందో ఎక్కడా రాయలేదు.

రిపోర్ట్‌ను ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. అంకె పక్కన చిన్న అక్షరాల్లో నాలుగు రేంజ్‌లు ఉన్నాయి: నెలసరి మొదటి సగానికి ఒకటి, అండం విడుదలయ్యే రోజులకు ఒకటి, రెండో సగానికి ఒకటి, ముట్లు ఆగిపోయిన వాళ్లకు ఒకటి. ఎర్ర బాణం పెట్టింది అండం విడుదలయ్యే రోజుల రేంజ్‌తో పోల్చి. వదిన రక్తం ఇచ్చింది పీరియడ్స్ మూడో రోజు!

ఇక్కడే అసలు మోసం ఉంది. ఈస్ట్రోజెన్ అంటే ఒకటి కాదు, ముఖ్యంగా మూడు. నెలసరి వస్తున్న వయసులో ప్రధానమైనది ఎస్ట్రాడయాల్, గర్భిణుల్లో ఎస్ట్రియాల్ బాగా పెరుగుతుంది, ముట్లు ఆగాక ఎస్ట్రోన్ ఎక్కువ. ల్యాబ్‌లు మామూలుగా కొలిచేది ఎస్ట్రాడయాల్. నెలసరి మొదటి రోజుల్లో అది మిల్లీలీటరుకు సుమారు 20 నుంచి 80 పికోగ్రాములు ఉంటుంది, అండం విడుదలకు ముందు 200 దాటుతుంది, కొందరిలో 400 కూడా. అంటే మూడో రోజున 42 పూర్తిగా నార్మల్. ఇక ప్రొజెస్టిరాన్ బాగా పెరిగేదే అండం విడుదలయ్యాక. మూడో రోజున అది ఆరోగ్యంగా ఉన్న ఏ ఆడమనిషికైనా తక్కువే. దాన్ని 28 రోజుల నెలసరి అయితే 21వ రోజు ప్రాంతంలో, లేకపోతే తర్వాతి పీరియడ్స్‌కు వారం ముందు చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్ మాత్రం సాధారణంగా రెండు నుంచి నాలుగో రోజు లోపు చూస్తారు. కాబట్టి ఇవన్నీ ఒకే సూదితో తీసే ప్యాకేజీలో ఏదో ఒకటి తప్పుడు రోజున పడి తీరుతుంది. ఎవరిని పట్టుకున్నా ఎర్ర బాణం ఖాయం, పౌడర్ అమ్మకానికి అది చాలు.

మహారాణిపేటలో ఒక గైనకాలజిస్ట్‌కు చూపించాం. ఆవిడ మొదటి ప్రశ్నే చివరి పీరియడ్స్ తేదీ. రెండో ప్రశ్న, జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని. వదిన వాడుతోంది! చాలా ల్యాబ్ మెషిన్లలో పరీక్ష పద్ధతే బయోటిన్ మీద ఆధారపడి ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ఎస్ట్రాడయాల్ లేనిపోని ఎక్కువగా, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ తక్కువగా కనిపించవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. డాక్టరమ్మ ఆ బయోటిన్ మాత్రలు కొన్నాళ్లు ఆపించి థైరాయిడ్ మళ్లీ చేయిస్తే నార్మల్ వచ్చింది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకూ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయాల్ అంకెలు అసలు పరిస్థితిని చెప్పవట.

45 దాటి, నెలసరి తప్పుతూ, వేడి ఆవిర్లు వస్తుంటే మెనోపాజ్ దగ్గరపడిందని చెప్పడానికి సాధారణంగా రక్తపరీక్షే అక్కర్లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2015లో ఇచ్చిన వాటిలోనూ ఇదే ఉంది. ఆ వయసులో అంకెలు రోజుకో రకంగా ఊగుతుంటాయి. 40 లోపే నెలసరి ఆగిపోతుంటే మాత్రం పరీక్ష తప్పనిసరి, ఎఫ్‌ఎస్‌హెచ్ నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు చూస్తారు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ బ్లీడింగ్ కనిపిస్తే ప్యాకేజీల జోలికే పోకుండా విశాఖలో అయితే ప్రభుత్వ ఆసుపత్రులైన కేజీహెచ్‌కో, ఘోషాసుపత్రికో, మీకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గరకో వెంటనే వెళ్లండి. గర్భసంచి లోపలి పొర చూడాలి, ఆ విషయం హార్మోన్ అంకె చెప్పదు.

రీఫండ్ అడిగితే ‘శాంపిల్ ప్రాసెస్ అయిపోయింది’ అన్నారు. వాళ్ల కరపత్రం మీద ల్యాబ్‌లకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉంది. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి కాదు, ఏయే పరీక్షలకో జాబితా ఉంటుంది. సర్టిఫికెట్ నంబర్ అడిగి ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో మీరు చేయించే పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. నంబర్ అడిగితే మాకు ఇంతవరకూ చెప్పలేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. మీలో ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ తీసుకుని ఉంటే బిల్లు, రిపోర్ట్, వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకండి. రిపోర్ట్‌లో శాంపిల్ తీసిన తేదీ ఉంటుంది, అది మీ పీరియడ్స్‌లో ఎన్నో రోజో లెక్కపెట్టుకుని, ఆ పౌడర్‌కు డబ్బు కట్టకముందే డాక్టర్‌కు చూపించండి.