పాయింట్ల బుల్లెట్ 350: ఏళ్ల వాడకం తర్వాత స్టార్టింగ్ గురించి నా సమీక్ష

నా దగ్గరున్నది 1990ల నాటి కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, 12 వోల్టుల బ్యాటరీ, మిక్‌కార్బ్ కార్బొరేటర్, కాంటాక్ట్ పాయింట్లు (కలుస్తూ విడుతూ ప్లగ్గుకి నిప్పురవ్వ ఇప్పించే రెండు లోహపు ముక్కలు). సెల్ఫ్ లేదు. ఆదివారం షోకుకి బయటికి తీసే బండి కాదు, డ్యూటీకి వెళ్లేదీ కూరగాయలు తెచ్చేదీ దీని మీదే. సౌండు గురించీ, రోడ్డు మీద దాని దర్జా గురించీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను స్టార్టింగ్ గురించే రాస్తాను. నాకు తెలిసి పాత బుల్లెట్ అమ్మేసుకున్నవాళ్లు చాలావరకు ఆ విసుగుతోనే అమ్ముకున్నారు.

సెట్టింగు కుదిరిన బండి ఒక్క కిక్కుకే అందుకుంటుంది. చలికాలం పొద్దున రెండోదో మూడోదో పడితే సరే అనుకోవచ్చు. చొక్కా తడిసేదాకా తొక్కాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో జబ్బు ఉన్నట్టే. ‘పాత బండి కదా, అంతేలే’ అనే మాట నేను ఒప్పుకోను. 346 సీసీ ఒకే సిలిండరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. కాలి బలం చూపించి లొంగదీసుకునే ఇంజిన్ కాదు ఇది. పిస్టన్ ఎక్కడుందో తెలుసుకుని తొక్కాలి.

అది చెప్పేది హెడ్‌లైటు పైన ఉండే ఆంపియర్ మీటరు. ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చిన పార్టు అదే. చాలామంది అది బ్యాటరీ చార్జింగ్ చూసుకోవడానికే అనుకుని వదిలేస్తారు. లైట్లన్నీ ఆపి, తాళం ఆన్ చేసి, న్యూట్రల్‌లో కిక్కు రాడ్డుని మెల్లగా అదుముతూ ముల్లుని చూడండి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ, ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కరెంటు లాగుతుంది, ముల్లు మైనస్ వైపు వాలుతుంది. పాయింట్లు విడగానే మళ్లీ మధ్యకి వస్తుంది. కిక్కు గట్టిగా బిగిసి ముల్లు మధ్యకి వచ్చిందంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి చేరినట్టే. అప్పుడు సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివరు పట్టుకుని రాడ్డుని కొంచెం కిందికి జరిపి, లివరు వదిలేసి, రాడ్డుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒక్క నిండు కిక్కు. ఈలోపు యాక్సిలరేటర్ తిప్పుతూ కూర్చోకూడదు.

స్టార్ట్ కాని రోజున కూడా ఆ ముల్లే సగం సంగతి చెప్పేస్తుంది. ఎంత తిప్పినా అది కదలకుండా మధ్యలోనే ఉంటే కాయిల్‌కి కరెంటు పోవడం లేదన్నమాట: ఫ్యూజో, తాళం స్విచ్చో, ఊడిన వైరో, కాదంటే పాయింట్ల మీద పేరుకున్న నూనె మురికో. మైనస్‌లోనే ఉండిపోయి మధ్యకి రాకపోతే పాయింట్లు విడటం లేదు, లేదా కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలు అణిచే చిన్న పార్టు) లోపల షార్ట్ అయింది, లేదా పాయింట్ల వైరు బాడీకి తగులుతోంది. ముల్లు చక్కగా అటూ ఇటూ ఆడుతుంటేనే ప్లగ్గు దాకా వెళ్లాలి. టూల్ బాక్సు తెరవకముందే ఇంత తెలుస్తుంది. ఆర్‌ఎక్స్ 100 లాంటి సీడీఐ (పాయింట్లకి బదులు ఎలక్ట్రానిక్ పెట్టె) బండ్లలో ఈ సౌకర్యం లేదు. అక్కడ సెట్ చేయడానికి పాయింట్లూ ఉండవు, సీడీఐ పోతే మార్చేయడమే.

రోడ్డు పక్కన ఆగామంటే పోయే ప్రతివాడూ ‘ప్లగ్గు తీసి కాల్చండి’ అనే అంటాడు. తడిసిన ప్లగ్గు ఆరడానికి అది పనికొస్తుందేమో కానీ, ఎందుకు తడిసిందో చెప్పదు. నేను మంచి స్పేర్ ప్లగ్గుని క్యాపులో పెట్టి, సిలిండర్ హెడ్ రెక్కలకి ఆనించి, తాళం ఆన్‌లో ఉంచి కిక్కు తిప్పుతాను. అసలు ప్లగ్గుని దాని చోటునుంచి తీయను. తీస్తే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంది, పక్కనే నిప్పురవ్వ మంచిది కాదు. నీలంగా, టిక్కుమని చప్పుడుతో వస్తే కరెంటు బాగున్నట్టు. సన్నగా, పసుపో నారింజో రంగులో వస్తే క్యాపు విప్పి హెచ్‌టీ వైరుతోనే (కాయిల్ నుంచి ప్లగ్గుకి వచ్చే లావు వైరు) మళ్లీ చూడాలి. క్యాపులో రెసిస్టర్ తెగిపోయి మనిషిని తిప్పలు పెట్టడం మామూలే. రాత్రిపూట చీకట్లో ఇంజిన్ ఆడిస్తే వైరు ఎక్కడ లీకవుతోందో సన్నటి మెరుపులుగా కంటికే కనిపిస్తుంది. వానాకాలం ముందు ఈ పరీక్ష తప్పకుండా చేస్తాను.

నన్ను ఎక్కువగా ఏడిపించింది కండెన్సర్. బండి పొద్దున బాగానే స్టార్టవుతుంది, కొంత దూరం పోయి వేడెక్కాక మిస్ కొడుతుంది, ఆగిపోతుంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఇలాంటి బండ్లకి ఊరికే కార్బొరేటర్ విప్పి కడిగించి ఎంత డబ్బు వృథా చేస్తారో చెప్పలేం. మా ఊళ్లో పాత మెకానిక్ ఒకాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను, ‘కార్బొరేటర్ జోలికి పోకు అబ్బాయ్, ముందు మూత తీసి పాయింట్లు చూడు’ అన్నాడు. కుడివైపు సిలిండర్ వెనక ఉండే గుండ్రటి మూత అది. ఇంజిన్ ఆడుతుండగా చూస్తే పాయింట్ల మధ్య పెద్ద పెద్ద పచ్చటి నిప్పురవ్వలు. పాయింట్ల మొహం మీద ఒకవైపు గుంట, ఎదురువైపు మొటిమ. కండెన్సర్ పోయిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తీరా కొత్తది తెచ్చి వేస్తే అదీ కొన్నాళ్లకే పోయింది. స్పేర్ షాపులో మంచి డబ్బాలో పెట్టి ఇచ్చిన నాసిరకం సరుకు. చివరికి బాబాయే దాన్ని ఇంజిన్ వేడి తగలకుండా పైకి, కాయిల్ పక్కకి మార్చి బిగించాడు. ఆ తర్వాత వేడికి ఆగిపోవడం లేదు. అచ్చం ఇవే లక్షణాలు కాయిల్ పోయినా వస్తాయి, కాబట్టి కండెన్సర్ మార్చినా మారకపోతే కాయిల్ వేడిగా ఉన్నప్పుడే టెస్ట్ చేయించండి. చల్లారాక చూపిస్తే బాగుందనే చెప్తారు.

పాయింట్లు పూర్తిగా విడినప్పుడు వాటి గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. పాయింట్లని తెరిచే క్యామ్ మీద రాసుకునే హీలు అరిగేకొద్దీ ఈ గ్యాపు తగ్గుతుంది, దాంతోపాటు టైమింగూ (నిప్పురవ్వ పడే సమయం) వెనక్కి పోతుంది. బండి పికప్ తగ్గి, సైలెన్సర్ మామూలు కంటే వేడెక్కుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి మనకి తెలియదు, వేరేవాళ్లు నడిపి చెప్తేనే తెలుస్తుంది. అందుకే గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. తారుమారు చేస్తే రెండో పని మొదటిదాన్ని చెడగొడుతుంది. టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ, పిస్టన్ పైకి చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడేలా చూసుకోవాలి. విడే క్షణాన్ని పట్టుకోవడానికి మళ్లీ మన ముల్లే.

కిక్కు వెనక్కి తన్నే బండిని మాత్రం వాయిదా వేయొద్దు. మడమ దెబ్బతిన్నవాళ్లని చూశాను. టైమింగ్ మరీ ముందుకి ఉందేమో చూడండి, అది సరిగానే ఉంటే పాయింట్ల ప్లేటు కింద, వేగాన్ని బట్టి టైమింగ్‌ని ముందుకి జరిపే ఆటో అడ్వాన్స్ చూడండి. దాని బరువులు తుప్పుతోనో స్ప్రింగులు సాగిపోయో తెరుచుకునే ఉండిపోతే, ఐడ్లింగ్ తగ్గకపోవడం, కిక్కు తన్నడం రెండూ వస్తాయి. శుభ్రం చేసి ఒక చుక్క నూనె వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇక పెట్రోలు వైపు. నా బండికి ఈ బాధ తక్కువ. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక మాత్రం ఎక్కువ రోజులు ఆపేస్తే కార్బొరేటర్‌లో పైలట్ జెట్ అనే సన్నటి రంధ్రం మూసుకుంటోంది, పాత రబ్బరు పైపులు గట్టిపడుతున్నాయి. వాడకుండా ఉంచేటప్పుడు ట్యాప్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా ఆడనిస్తాను.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేయించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. పాయింట్ల మూత తీయడానికి ఓపిక లేనివాళ్లు, రోజూ టైముకి ఆఫీసులో ఉండాల్సినవాళ్లు వేయించుకోవచ్చు, నేను కాదనను. నేనైతే వేయించలేదు. దారిలో పాయింట్లు మొరాయిస్తే నీటి ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడిచి ఇంటికి చేరొచ్చు. టూల్ బాక్సులో గ్యాపు కొలిచే ఫీలర్ గేజి, ఒక ప్లగ్గు, ఒక పాయింట్ల సెట్టు, నడిపి చూసి బాగుందని తేలిన ఒక పాత కండెన్సర్ ఉంటాయి. కొత్త కండెన్సర్‌ని స్పేరుగా పెట్టుకోను.