స్నేహితురాళ్లతో లంచ్: ఇంట్లోనా, రెస్టారెంట్‌లోనా?

నెలనెలా కలిసి భోంచేసే స్నేహితురాళ్ల మధ్య ఈ చర్చ ఎప్పుడూ ఉండేదే. రెస్టారెంట్‌లో వంట పని లేదు, అంట్లు తోమే పని లేదు. అందరూ అతిథులే. రోజూ ఇంటిపనిలో నలిగేవాళ్లకు అది చిన్న సుఖం కాదు. కానీ పొడవాటి బల్లకు ఆ చివర కూర్చున్నవాళ్ల మాట ఈ చివరికి వినపడదు. ఒకే సంభాషణలో సాధారణంగా నలుగురికి మించి ఇమడరని, ఆపైన అది చీలిపోతుందని బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం 1995లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అందుకే గుండ్రటి బల్ల దొరికితే అదే అడగండి.

ఇంట్లో అలా కాదు. వంటగదిలో ఇద్దరు, సోఫాలో ముగ్గురు, కాసేపటికి చోట్లు మారి అందరూ అందరితో మాట్లాడతారు. లేవమనేవాళ్లు ఉండరు. మనసు బరువెక్కి ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకున్నా పక్క బల్లవాళ్లు చూస్తారన్న బెరుకు లేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే, అందుకే నా ఓటు ఇంటికి. టెన్షనంతా పిలిచినావిడ మీదే పడుతుంది కదా అంటారా? తలా ఒక వంటకం తెచ్చుకుని, వెళ్లేముందు గిన్నెలు కూడా కలిసే కడిగేస్తే సరి. ఖర్చూ తక్కువే.

కొత్తగా చేరినవాళ్లుంటే మాత్రం మొదటి ఒకటి రెండుసార్లు బయట కలవడమే మేలు.