బోరు ఉన్న ఇల్లు కొనేవారికి హెచ్చరిక: నీటి రిపోర్టులో నైట్రేట్ ఉందో లేదో చూడండి

ఊరి శివార్లలో సొంత బోరున్న ఇల్లు కొనబోతున్నారా? ఇంట్లో పసిబిడ్డ ఉన్నా, త్వరలో రాబోతున్నా, ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

మాకు ఇల్లు అమ్మిన ఆయన గ్లాసులో నీళ్లు పట్టి, జేబులోంచి పెన్నులాంటి టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చూపేది, ఏది ఎంతుందో చెప్పదు) తీసి ముంచాడు. 380 చూపించింది. "మినరల్ వాటరుకు ఏమాత్రం తీసిపోదండీ" అంటూ ముద్ర వేసిన రిపోర్టు కూడా చేతిలో పెట్టాడు. నీళ్లు తేటగా, తియ్యగానే ఉన్నాయి. తర్వాత మా అమ్మాయి పురిటికి వచ్చింది. బిడ్డకు డబ్బా పాలు కూడా పట్టాల్సి వచ్చినప్పుడు పిల్లల డాక్టరు ముందుగా అడిగింది, ఏ నీళ్లతో కలుపుతారని. బోరు నీళ్లని చెప్పగానే నైట్రేట్ (ఎరువులు, మురుగు నుంచి నీళ్లలో కలిసే రసాయనం) పరీక్ష అయ్యేదాకా చుక్క కూడా వాడవద్దన్నారు. పరీక్షలో లీటరుకు 96 మిల్లీగ్రాములు తేలింది. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 45 దాటకూడదు. అమ్మినాయన ఇచ్చిన కాగితంలో పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, టీడీఎస్ అన్నీ ఉన్నాయి. నైట్రేట్ ఊసే లేదు.

నిలదీస్తే ఆయన అన్నమాట: "ఊరంతా ఇవే తాగుతోంది, ఎవరికి ఏమైంది?" మీకూ ఇదే చెబుతారు, నమ్మకండి. ఆరు నెలల లోపు బిడ్డ కడుపులో ఆమ్లం తక్కువ. అక్కడ పెరిగే బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. అది రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. దాన్ని సరిచేసే ఎంజైమ్ ఆ వయసులో చాలినంత ఉండదు. పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగుగానో మారతాయి, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు బావి నీళ్లతో కలిపిన పాలు తాగిన శిశువుల్లో దీన్ని గుర్తించారు. బ్లూ బేబీ సిండ్రోమ్ అనేది దీన్నే. ఆలస్యమైతే ప్రాణాలకే ముప్పు. రంగు మారినట్టు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఏ నీళ్లు వాడారో కూడా చెప్పండి.

మన ఇళ్లలో పెద్దవాళ్లు "కాచి చల్లార్చి పట్టండి" అంటారు. క్రిములకైతే అది సరైన మాటే. నైట్రేట్ మాత్రం ఆవిరికాదు. నీళ్లు తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ యంత్రం దాన్ని తీయలేవు. ఆర్వో చాలావరకు తీస్తుంది, అయితే అందులోంచి వచ్చే నీళ్లను కూడా పరీక్ష చేయించాలి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఆరు నెలలదాకా మంచినీళ్లు అసలు అవసరమే లేదు.

కొనే ముందు చుట్టూ చూడండి. మా పక్కింటి సెప్టిక్ ట్యాంకు సరిగ్గా మా గోడవతల, బోరుకు పది అడుగుల దూరంలో ఉంది. వెంచర్ వేయకముందు అదంతా ఏళ్ల తరబడి యూరియా చల్లిన కూరగాయల నేల. నైట్రేట్ భూగర్భ జలంలోకి దిగే దారులు ముఖ్యంగా ఈ రెండే.

నమూనా మీరే పట్టి జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. రిపోర్టులో "నైట్రేట్" అని ఉందా, "నైట్రేట్ నైట్రోజన్" అని ఉందా చూడండి. రెండోది నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కిస్తుంది కాబట్టి అందులో హద్దు 45 కాదు, సుమారు 10. ఆ లెక్కలో 18 వచ్చిందంటే అసలు నైట్రేట్ 80 దగ్గర ఉన్నట్టు. వానలు పడ్డాక అంకె మారవచ్చు, అప్పుడు మరోసారి చేయించండి.

మా వెంచర్‌లో ఇంకా ఇళ్లు అమ్ముతున్నారు, అదే కాగితం చూపించి.