పాత టీవీలో హెచ్‌డీ వీడియో: ఫైల్ మార్చాలా, ప్లేయర్ బాక్స్ పెట్టాలా?

పెన్‌డ్రైవ్ పెడితే టీవీ ఫైల్ తెరవనంటే, చాలాసార్లు తప్పు ఎంకేవీ అనే ఫైల్ రకానిది కాదు, లోపలి వీడియోను కుదించిన హెచ్.265 కోడెక్ పద్ధతిది. అప్పుడు ఫైల్‌ను పాత టీవీలు చదివే హెచ్.264లోకి మార్చాలి, లేదా పెన్‌డ్రైవ్ పెట్టి ఆడించే ప్లేయర్ బాక్స్‌ను టీవీకి తగిలించాలి.

ఖర్చు: మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితం. బాక్స్ కొనాల్సిందే.

శ్రమ: హెచ్.264లోకి మార్చడానికి పాత కంప్యూటర్‌కు గంటలు పట్టొచ్చు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే మాత్రం వీడియో జోలికి పోవద్దు. చాలాసార్లు కారణం టీవీ చదవలేని డీటీఎస్ రకం ఆడియో. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని ఏసీ3 రకంలోకి మారిస్తే చాలు, నిమిషాల పని. బాక్స్‌కైతే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టడమే.

చిక్కు: వీడియో మారిస్తే నాణ్యత కొంత తగ్గుతుంది. ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. బాక్స్ 10 బిట్ (రంగుల ఛాయలు ఎక్కువుండే) హెచ్.265 ఆడుతుందో లేదో ముందే చూడండి.

పసుపు, తెలుపు, ఎరుపు ఏవీ సాకెట్లే ఉన్న టీవీకి ఏవీ అవుట్ ఉన్న బాక్స్ కావాలి. హెచ్‌డీ స్పష్టత ఎలాగూ రాదు.

ఎప్పుడో ఒక సినిమాకైతే మార్చుకోండి. రోజూ చూసే ఇంటికి బాక్సే నయం.